ఝీరా ప్రసాదం

బీదర్‌లో ఉప్పునీళ్ళ బాధ చూసి గురునానక్ పాదంతో రాయి జరిపితే తీపి ఊట పుట్టిందని నమ్మకం. ఆ నానక్ ఝీరా గురుద్వారాకు తరచూ వెళ్తాను. దోసిట్లో కడా ప్రసాదం: గోధుమపిండి, నెయ్యి, చక్కెర. వేడికి అరచెయ్యి చురుక్కుమంటుంది, వేళ్ళకు నెయ్యి అంటుకుంటుంది. మొదట్లో ప్రాణం లేచొచ్చేది, ఇప్పుడు మామూలే.

ఇలా ఎందుకో నాడీశాస్త్రవేత్త వుల్‌ఫ్రామ్ షుల్ట్జ్ ప్రయోగం చెబుతుంది. ఆయన కోతులకు పళ్ళరసమిచ్చి చూశాడు. అనుకోకుండా దొరికితే మెదడులోని డోపమైన్ కణాలు ఎగిసిపడ్డాయి. రసం వస్తుందని ముందే సైగతో తెలిశాక రసానికి చలించలేదు. మరి రోజూ అదే ప్రసాదం ఎందుకు? కొత్త రుచికి మెదడు ముందు జంకుతుంది, తిన్నాక హాని లేదని తేలితేనే నమ్ముతుంది. భక్తిది ఆశ్చర్యం దారి కాదు, ఈ నమ్మకం దారే అంటాను.

గురుద్వారాలోని ఉచిత భోజనశాల లంగర్‌లో అందరికీ ఒకే రొట్టె, ఒకే పప్పు, కులం అడగరు. మీరు వెళ్తే తల కప్పుకోండి, ప్రసాదం రెండు చేతులా అందుకోండి.