మురికి కింద ఏముందో చూసే ధైర్యం



నాన్నగారి పాత అంబాసిడర్ ఇంజిన్ విప్పించాను. పోత ఇనుము బ్లాక్, నాలుగు సిలిండర్లు. బయటంతా గ్రీజు, లోపల నీళ్లు తిరిగే దారుల్లో తుప్పు. పైపైన కిరోసిన్‌తో కడిగి పెయింట్ వేసేద్దామన్నాను. మెకానిక్ గారు ఒప్పుకోలేదు.

"ఆయిల్ దారుల ప్లగ్గులు తీసి, లోపలిదాకా బ్రష్ పెట్టి తోమాలి బాబూ. కాస్త ఇనపరజను మిగిలినా కొత్త బేరింగులు గీసుకుపోతాయి. పైగా కడిగితేనే పగుళ్లు కనబడేది."

నిజం చెప్పాలంటే నా భయం అదే! మురికి ఉన్నంతసేపూ బ్లాక్ బాగానే ఉందనుకోవచ్చు కదా.

ఆ సాయంత్రం పూజలో కూర్చుంటే అన్నయ్య గుర్తొచ్చాడు. వాటాల దగ్గర మాటామాటా పెరిగి, రెండేళ్లుగా పలకరింపుల్లేవు. రోజూ దీపం పెడుతున్నాను గానీ, ఆ గొడవలో నా తప్పెంతో ఒక్కసారీ చూసుకోలేదు. పూజని కూడా పెయింట్‌లాగే వాడుకున్నానేమో!

భగవద్గీత 16వ అధ్యాయంలో శ్రీకృష్ణ పరమాత్మ దైవీ గుణాలు చెబుతూ మొదట అభయం అన్నాడు. ఆ వెంటనే సత్త్వసంశుద్ధి, అంటే మనసు శుభ్రంగా ఉండటం. ఆ వరస ఎందుకో అప్పుడు నాకు తోచింది. చూడ్డానికే భయపడేవాడు ఏం కడుగుతాడు? ఆ భయం పోవడానికే కదా దేవుడి దగ్గర కూర్చునేది.

బ్లాక్ కడిగాక సన్నటి పగులు బయటపడింది. బాగుచేయొచ్చన్నారు.

అన్నయ్యకి ఫోన్ చేశాను. "తప్పు నాది కూడా అన్నయ్యా" అన్నాను. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు.

మీరు కడక్కుండా వదిలేసింది ఏదైనా ఉందా? ఒక్కసారి ఆలోచించండి.

శ్రీకృష్ణార్పణమస్తు.