అయిదో కారణం

లాటరీ కోసం దేవుడికి మొక్కవచ్చునా? ఏ ప్రవచనంలోనో ఎవరైనా లేచి అడిగితే అందరూ నవ్వుతారు. మార్చి నెలలో మా కీసర చుట్టుపక్కల మాత్రం ఎవరూ నవ్వరు. నాగారం, దమ్మాయిగూడ, రాంపల్లి, చీర్యాల ఎటు పోయినా అమెరికాలో ఎమ్మెస్ చేసిన పిల్లలున్న ఇల్లు ఒకటి తగులుతుంది. నెలాఖరుకు అమెరికా ఉద్యోగ వీసా హెచ్‌వన్ లాటరీ ఫలితాలు. "పిక్ అయిందా?" అన్న ప్రశ్న మీద బ్యాంకు అప్పు, పెళ్లిసంబంధం, మేడ మీద వేయాల్సిన స్లాబు అన్నీ ఆగి ఉంటాయి. నేను సర్కారు బడిలో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ని. పిల్లలకు సంభావ్యత పాఠం చెప్పాను, కీసరగుట్ట రామలింగేశ్వరుడికి దండమూ పెట్టుకుంటాను. కాబట్టి ఈ ప్రశ్న నుంచి తప్పించుకునే వీలు నాకు లేదు.

ముందు లెక్క చూద్దాం. చదువు పూర్తయినవాళ్లకు అమెరికా 12 నెలల ఓపీటీ, అంటే అక్కడే ఉండి పనిచేసుకునే అనుమతి, ఇస్తుంది. సైన్సు, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు చదివినవాళ్లకు దాని మీద ఇంకో 24 నెలలు. ఈ మూడేళ్లలో ఏదో ఒక కంపెనీ వాళ్ల పేరు హెచ్‌వన్‌కు నమోదు చేయాలి. ఏటా ఉండేవి 65,000 వీసాలు, అక్కడే మాస్టర్స్ చేసినవాళ్లకు అదనంగా 20,000. 2025 మార్చి లాటరీలో అర్హత ఉన్న నమోదులు 3,43,981. కంప్యూటర్ ఎంచినవి 1,20,141. అంటే ఉజ్జాయింపున ముగ్గురిలో ఒకరు. మూడు మార్చిలూ ఇదే దామాషా అనుకుందాం. 27 మంది పిల్లల్లో మొదటి ఏడు తొమ్మిది మంది, రెండో ఏడు ఆరుగురు, మూడో ఏడు నలుగురు గట్టెక్కుతారు. ఎనిమిది మంది మూడుసార్లూ మిగిలిపోతారు.

ఆ ఎనిమిది మంది మొద్దులు కారు, సోమరులు కారు. వాళ్ల తల్లులు మొక్కుల్లో ఎవరికీ తీసిపోరు. లెక్క ప్రకారం ఎవరో ఎనిమిది మంది మిగలక తప్పదు, అంతే. కానీ మనకు నోటి చివర ఒక మాట సిద్ధంగా ఉంటుంది: "వాని కర్మ." కర్మ సిద్ధాంతం మీద నాకు గౌరవం ఉంది. రేపు నేనేం చేయాలో నాకు నేను చెప్పుకోవడానికి అది పనికొస్తుంది. ఎదురింటి పిల్లవాడు నిన్న ఎందుకు ఓడిపోయాడో తీర్పు చెప్పడానికి కాదు. ఎవరి పూర్వజన్మ చిట్టా ఎవరు చూసొచ్చారు? తెలియని పాపాన్ని వాడి నెత్తిన రుద్దడంలో మనకు తెలిసే చేస్తున్న పాపం ఒకటుంది.

గీత పద్దెనిమిదో అధ్యాయంలో ఏ పని జరగడానికైనా అయిదు కారణాలు చెప్పారు. స్థూలంగా చెప్పుకుంటే పనికి ఆధారమైన చోటు, చేసేవాడు, సాధనాలు, రకరకాల ప్రయత్నాలు, దైవం. దైవాన్ని కొట్టిపారేయలేదు, అలాగని ముందు కూర్చోబెట్టనూ లేదు. అయిదోదిగా పెట్టారు. ఆనుశాసనిక పర్వంలో ధర్మరాజు దైవం గొప్పదా, పురుషకారం గొప్పదా అని సూటిగా అడిగితే భీష్ముడు చెప్పిన జవాబు సారం కూడా ఇలాంటిదే: పొలం లేకుండా విత్తనం పండనట్టే, పురుషకారం లేకుండా దైవం ఫలించదు. నాకు అర్థమైనంతలో, మన చేతిలోని నాలుగూ నిజాయితీగా ఖర్చయ్యాక మిగిలేదే దైవం. లాటరీకి మొక్కవచ్చునా అన్న ప్రశ్న అక్కడే మలుపు తిరుగుతుంది. ఆ నాలుగింట్లో మోసం చేసి అయిదోదానికి కొబ్బరికాయ కొడితే ఆ కాయ ఎవరికి చెందుతుంది?

మా గుట్ట స్థలపురాణం కూడా గడువు దాటిపోయిన కథే. రావణ వధ తరవాత బ్రహ్మహత్యా దోషం పోగొట్టుకోవడానికి రాముడు ఇక్కడ శివలింగం ప్రతిష్ఠించాలనుకున్నాడు. లింగం తెమ్మని హనుమంతుణ్ని కాశీకి పంపాడు. ముహూర్తం దగ్గరపడినా హనుమంతుడు రాలేదు. శివుడే ప్రత్యక్షమై ఇచ్చిన లింగాన్ని రాముడు ప్రతిష్ఠ చేశాడు. నూటొక్క లింగాలతో దిగిన హనుమంతుడు జరిగింది చూసి, అలిగి, అన్నిటినీ గుట్టంతా విసిరేశాడట. హనుమంతుడి శక్తిలో లోటు లేదు, భక్తిలో లోటు లేదు, వేళ దాటింది. అయినా ఈ కథ చెప్పేవాళ్లెవరూ "హనుమంతుని కర్మ" అనరు. ఆయన తండ్రి కేసరి పేరే గుట్టకు వచ్చిందంటారు. శివరాత్రి జాతరకు వచ్చినవాళ్లు గర్భగుడిలో దర్శనం చేసుకుని ఊరుకోరు, బయట బండల మధ్య ఉన్న లింగాల మీదా చెంబెడు నీళ్లు పోసి వెళతారు.

ముహూర్తం పెట్టని దేశం లేదు. బ్రిటన్‌లో చదువయ్యాక రెండేళ్లు ఉండనిస్తారు, 2027 జనవరి 1 నుంచి దరఖాస్తు చేసేవాళ్లకు అది పద్దెనిమిది నెలలే, పీహెచ్‌డీ వాళ్లను మినహాయించి. జర్మనీ ఉద్యోగం వెతుక్కోవడానికి పద్దెనిమిది నెలలిస్తుంది. కెనడాలో కోర్సును బట్టి ఎనిమిది నెలల నుంచి మూడేళ్లు. అమెరికా ఓపీటీలో ఇంకో ముల్లు ఉంది. మొదటి ఏడాదిలో ఉద్యోగం లేకుండా గడిపిన రోజులు మొత్తం 90 దాటకూడదు.

ఆ 90 రోజుల్లోనే మా ఎదురింటామె కొడుకు నాకు వాట్సాప్‌లో ఒక రెజ్యూమె పంపాడు. 2023లో టెక్సాస్‌లో ఎమ్మెస్ అయింది, ఎక్కడా కాల్ రావడం లేదు. కన్సల్టెన్సీ వాళ్లు కంపెనీల దగ్గర మార్కెటింగ్ చేస్తామని చెప్పి తయారుచేసిన రెజ్యూమె అది. పైన వాడి పేరు. కింద ఎనిమిదేళ్ల అనుభవం. 2015 జూన్ నుంచి హైదరాబాద్‌లో ఒక బ్యాంకు ప్రాజెక్టులో డెవలపర్. నాకు నవ్వు, దుఃఖం కలిసి వచ్చాయి. 2015 మార్చిలో వీడు మా బడిలో పదో తరగతి పరీక్ష రాశాడు. త్రికోణమితిలో ఎత్తులు, దూరాలు లెక్కకు బొమ్మ తలకిందులుగా వేసేవాడు. ఫలితాలొచ్చిన మరుసటి నెల నుంచే బ్యాంకుకు సాఫ్ట్‌వేర్ రాశాడన్నమాట. ఫోన్ చేసి ఇదేమిటని అడిగాను.

"అందరూ పెడుతున్నారు సార్. పెట్టకపోతే ఇంటర్వ్యూకే పిలవరు. నాన్న పొలం అమ్మి పంపిండు. ఇది ఆపద్ధర్మం కాదా? శుక్రాచార్యుడు బలికి చెప్పలేదా సార్, ఆపదలో అబద్ధం ఆడొచ్చని?"

పదో తరగతి తెలుగు వాచకంలో పోతన బలిచక్రవర్తి పాఠం చదివిన పిల్లవాడు. "శుక్రుడి మాట గుర్తుంది సరే, దానికి బలి ఏం జవాబు చెప్పాడో మర్చిపోయావా?" అన్నాను. అవతల చాలాసేపు మాట లేదు. కానీ బలి రాజు, వీడు అప్పులో ఉన్న రైతు కొడుకు. రాజుకు చెప్పిన పాఠం వీడి మీద పారేసి చేతులు దులుపుకోవడం నాకు నచ్చలేదు. అందుకే ఛాందోగ్యంలోని ఉషస్తి కథ చెప్పాను. కురుదేశంలో వడగళ్లకు పంటలు పోయి, కరువులో ఉషస్తి ఏనుగుల ఊళ్లో ఒకతను తింటున్న గుగ్గిళ్లు అడిగాడు. ఎంగిలివే ఉన్నాయన్నా పెట్టమని తిన్నాడు. తిన్నాక అతను నీళ్లిస్తే వద్దన్నాడు. ఆ గుగ్గిళ్లూ ఎంగిలివే కదా అని అతను అడిగాడు. అవి తినకపోతే బతికేవాణ్ని కాదు, నీళ్లు నాకు ఎక్కడైనా దొరుకుతాయి అన్నాడు ఉషస్తి.

ఆపద్ధర్మానికి ఇంతకంటే మంచి కొలబద్ద నాకు కనబడలేదు. ఆపద నిజంగా ప్రాణాంతకమై ఉండాలి. తీసుకున్నది ప్రాణం నిలిచేంతే ఉండాలి. ఆపద దాటిన మరుక్షణం ఆపేయాలి. ఎంగిలి తిన్న కళంకం తిన్నవాడికే ఉండాలి, పక్కవాడి కంచం లాగకూడదు. లేని ఎనిమిదేళ్లు రాసుకుంటే ఈ కొలత ఎక్కడా కుదరదు. తిరిగి ఇంటికి రావడం అవమానంగా తోచవచ్చు, అప్పు బరువు నిజమే, కానీ అది చావు కాదు. ఆ అబద్ధాన్ని 90 రోజులకు ఆపడమూ కుదరదు, ఉద్యోగం ఉన్నంత కాలం మోయాలి. పైగా ఉన్నదున్నట్టు రాసుకున్న మరో పిల్లవాడి ఇంటర్వ్యూ దానివల్ల పోతుంది.

ఈ దారి ఎంత దూరం పోతుందో మన తెలుగువాళ్లు కళ్లారా చూశారు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై వ్యాలీ యూనివర్సిటీ వీసా మోసాల కేసులో మూతపడినప్పుడు మన పిల్లల కాళ్లకు రేడియో ట్యాగులు కట్టారు. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ బయటపడింది. క్లాసులు లేవు, పాఠాలు చెప్పేవాళ్లు లేరు. వీసా స్టేటస్ నిలబెట్టుకోవడానికి ఫీజు కట్టి చేరినవాళ్లు ఉన్నారు. దాన్ని నడిపింది అమెరికా ప్రభుత్వ అధికారులే, వల వేయడానికి. మొదట పట్టుబడిన 130 మందిలో 129 మంది భారతీయులు, అందులో తెలుగువాళ్లే ఎక్కువ. అబద్ధాన్ని పట్టుకోవడానికి సర్కారే అబద్ధపు బడి పెట్టడం ఏ ధర్మమో నాకు తెలియదు. కానీ ఎదుటివాడి అధర్మం మన అధర్మానికి రసీదు కాదు.

లాటరీలోనూ ఇలాంటి అడ్డదారే కనబడింది. 2023 మార్చిలో 7,80,884 నమోదులొస్తే, అందులో 4,08,891 ఒకరికే ఒకటికి మించి వేసినవి. నిజంగానే రెండు కంపెనీలు పిలిచినవాళ్లు కొందరుంటారు. కూడబలుక్కుని చీటీలు పెంచుకున్నవాళ్లూ ఉన్నారని అక్కడి ప్రభుత్వం అనుమానించి, మరుసటి ఏటి నుంచి ఎన్ని కంపెనీలు వేసినా మనిషికి ఒకటే చీటీ లెక్క అంది. దొంగచీటీ వేసి పిక్ అయినవాడు గుట్టెక్కి "అంతా దేవుని దయ" అంటే నాకు ఒప్పుకోబుద్ధి కాదు. వాడు దేవుడికి వదిలింది ఏముంది గనక?

ఇక ఎదురింటి పిల్లవాడి సంగతి. ఆ ఎనిమిదేళ్లు కొట్టేసి, ఉన్నదే రాసుకుని, గడువు నిండకముందే ఒక చిన్న కంపెనీలో తక్కువ జీతానికి చేరాడు. 2024లో పిక్ కాలేదు, 2025లోనూ కాలేదు. 2026 మార్చి మూడోది, ఆఖరుది. సరిగ్గా ఈ ఏడే లాటరీ పద్ధతి మారింది. ఫిబ్రవరి 27 నుంచి అమల్లోకి వచ్చిన నిబంధన ప్రకారం జీతం మెట్టును బట్టి అవకాశం: అట్టడుగు మెట్టుకు ఒక చీటీ, పై మెట్టుకు నాలుగు. నేను పైన వేసిన లెక్క ఈ మార్చికి చెల్లదు. తిరిగొచ్చాక ఇక్కడి నుంచి ప్రయత్నిద్దామంటే, అమెరికా ప్రభుత్వం 2025 సెప్టెంబర్‌లో చేసిన ప్రకటనతో ఆ దేశం బయట ఉన్నవాళ్ల కొత్త దరఖాస్తుకు లక్ష డాలర్ల రుసుము.

వాళ్లమ్మ ఇదంతా కొడుకు దగ్గర విని మా ఇంటికొచ్చింది. "సారూ, మావోనితోటి చదివినోడు దొంగ ఎక్స్‌పీరియన్స్ పెట్టిండు. పెద్ద జీతం, నాలుగు చీటీలు. నిజం చెప్పిన మావోనికి ఒక్కటి. గిదేం న్యాయం?"

దీనికి తియ్యటి జవాబు లేదు. నిజం చెప్పినవాణ్ని దేవుడు చూసుకుంటాడని నేను అనలేదు. అలా అంటే, పిక్ కాని రోజున దేవుడో నిజమో రెండింట్లో ఒకటి ఓడినట్టవుతుంది. అవతలివాడు రేపు పట్టుబడతాడనీ అనలేదు. పట్టుబడకపోవచ్చు. "చెల్లె, నీ కొడుకు నిజం చెప్పింది పిక్ కావడానికి కాదు. వాని బతుకుల మొదటి నాలుగూ వానియే. అయిదోది వాని చేతుల లేదు, నీ చేతుల లేదు. పిక్ అయినా కాకున్నా వాడు ఎవరికీ దాచుకునేది ఏం లేదు" అన్నాను. న్యాయం జరిగిందని మాత్రం అనలేకపోయాను. జీతాన్ని బట్టి చీటీలు పంచడం ఒక దేశం ఇష్టం, దానికి దైవమని పేరు పెట్టడం మన బలహీనత. వీసా బాలాజీ అని పేరుపడ్డ చిలుకూరు గుడిలో హుండీ లేదు, ప్రత్యేక దర్శనం టికెట్టు లేదు. ఎంత జీతగాడికైనా అవే పదకొండు ప్రదక్షిణలు.

"అయితే మొక్కాల్నా, వద్దా?" అంది.

మొక్కమన్నాను. ఫలానా పిల్లవాడి చీటీ తప్పించి నావాడిది తీయమని కాదు. ఏం వచ్చినా తట్టుకునే బలం వాడికీ, వాడు వట్టి చేతులతో వస్తే ఎదురుపోయి తెచ్చుకునే మనసు మనకూ ఇమ్మని. ఆ ఎనిమిది మంది విమానం దిగిన రోజున "ఎందుకొచ్చినవ్?" అని అడగని చుట్టాలు, వాళ్లు రాగానే సంబంధం వదులుకోని అత్తవారు ఉంటే, సగం దొంగ రెజ్యూమెలు పుట్టకముందే చస్తాయి. పిల్లల అబద్ధాల్లో పెద్ద వాటా మన భయానిదే.

ఆమె కాసేపు ఆలోచించింది. "పిక్ అయితే అభిషేకం చేయిస్తనని మొక్కుకున్న. గట్లయితే మెయిల్ రాకముందే చేయిస్త సారూ. బ్యాంకోనికి ఎట్లాగూ బాకీ ఉన్నం, దేవునికి కూడ బాకీ ఎందుకు?"

ముప్పాతిక వేదాంతం ఆ మాటలోనే ఉంది. సోమవారం పొద్దున్నే పోదాం, రద్దీ పెరగకముందే, అన్నాను.