భయమునకు కోపమునకు గల చుట్టరికము

భయపడినవాడు వెనుకకు పోవును, కోపించినవాడు మీదికి వచ్చును గదా! ఈ రెండును వేర్వేరని నేను ఏబది యేండ్లు దాటువరకు తలచితిని.

ఒక మార్చి నెలాఖరున బ్యాంకుకు కట్టవలసిన సొమ్ము చేతికందలేదు. ఎవరికిని చెప్పలేదు. మూడు రాత్రులు నిద్ర లేదు. నాల్గవనాటి ఉదయము గుమాస్తా ఒక పద్దు తప్పు వ్రాసెనని ఖాతాదారుల యెదుట అతనిని కేకలు వేసితిని. ఆ తప్పు పదునాలుగు రూపాయలది.

హార్వర్డు విశ్వవిద్యాలయపు వాల్టర్ కానన్ 1915లో ప్రకటించిన గ్రంథములో, భయమందును క్రోధమందును శరీరములో జరుగు మార్పులు చాలవరకు ఒక్కటే యని చూపెను. మూత్రపిండముల పైనున్న చిన్న గ్రంథులు అడ్రినలిన్ అను రసమును రక్తములోనికి వదలును. గుండె వేగముగా కొట్టుకొనును. పారిపోవుటకైనను కలియబడుటకైనను ఒడలిని సిద్ధము చేయునది అదియే.

మెదడులో సెరటోనిన్ అను మరియొక పదార్థము కలదు. పెట్-1 అను జన్యువు లేకుండ పుట్టించిన చిట్టెలుకలలో ఆ పదార్థమును చేయు కణములు చాలవరకు సరిగా ఏర్పడలేదని అమెరికాలోని క్లీవ్‌లాండు శాస్త్రజ్ఞులు 2003లో ప్రకటించిరి. ఆ ఎలుకలకే బెదురును హెచ్చు, తమ చోటికి వచ్చిన కొత్త ఎలుకపై పడుటయు హెచ్చు. ప్రాణులను బాధించి సంపాదించిన విద్య మనకు రుచింపదు. అయినను తెలిసినదానిని తెలియదనరాదు. మనిషి ఎలుక కాడు, అతని కోపమంతయు ఒక్క పదార్థము పని యనుటయు తగదు.

అయినచో నా కేకలను ఎవరి ఖాతాలో వ్రాయవలెను? మెదడు ఖాతాలోనా? బాకీదారు వచ్చి, సొమ్ము నేను తీసికొనలేదు, నా చేయి తీసికొన్నదనిన మనము ఒప్పుకొందుమా?

మన పెద్దలు క్రోధమును కషాయములలోను, భయమును నోకషాయములలోను చేర్చి, రెండింటిని చారిత్ర మోహనీయము క్రిందనే ఉంచిరి. మనము మాత్రము కోపమునకే సిగ్గుపడుదుము. భయమునకు ముందుచూపని పేరు పెట్టి పెంచుకొనుచుందుము. వ్యాపారులమైన మనకు ఇది మరింత సులభము. రసము రక్తములో కలిసిన పిమ్మట నోటిని కట్టుట కష్టమే. కాని నా తప్పు ఆ ఉదయమున మొదలు కాలేదు. బాకీ సంగతి దాచుకొని పడుకొన్న మొదటి రాత్రియే మొదలైనది. ఆ రాత్రి నోరు విప్పుట నా చేతిలోనే యుండెను.

ఆ యేడు పర్యూషణము ముగిసిన పిమ్మట గుమాస్తాను క్షమింపుమని అడిగి, బ్యాంకు సంగతి చెప్పబోయితిని.

"నాకు ముందే తెలుసు షావుకారు గారూ, పద్దులు రాసేది నేనే గదండీ. మీరే చెబుతారేమోనని చూశాను," అన్నాడు.