బండెద్దుల దాణా

హోసూరు దగ్గర ఒక ఊళ్ళో ఒక రైతు ఉండేవాడు. ఆయనకు రెండు జతల దుక్కిటెద్దులు. వాటి కష్టంతోనే ఇల్లు కట్టాడు, బావి తవ్వించాడు. దుక్కి దున్నేవాడికి పందెం కోడెల సంగతేం తెలుసని పక్కూరి ఆసామి ఒకనాడు ఎగతాళి చేశాడు. ఆ రోషంతో రైతు ఒక కోడెదూడను కొని, ఉలవలూ పత్తిగింజలూ పెట్టి పెంచాడు. మూడో సంక్రాంతికి అది కొమ్ములకు కట్టిన పలకను ఎవరి చేతికీ చిక్కనీయకుండా వీధి దాటింది. క్రిష్ణగిరి దాకా దాని పేరు మోగింది.

తర్వాత వానలు ఎగ్గొట్టాయి. దుక్కిటెద్దులకు పని పోయింది. అవి సంపాదించకపోతే కోడెకు దాణా ఎక్కడిది? రైతు మనసు రాయి చేసుకుని దాన్ని అమ్మేశాడు.

కొన్నవాడికి కావలసింది పేరు. కోడె పక్కన నిలబడి ఫొటోలు తీయించుకున్నాడు, కొమ్ములకు ఇత్తడి కుప్పెలు తొడిగించాడు. గాడి మాత్రం ఖాళీ. వాడి దగ్గర కొన్నవాడు వారానికో ఊరి పందానికి తోలి గిట్టలు అరగదీశాడు. ఇంకొకడు లాభానికి అమ్ముకుందామనే కొన్నాడు. చివరికి కోడె పక్కటెముకలు తేలి కుందారపల్లి సంతలో నిలబడింది. చూడవచ్చిన వాళ్ళు పాత పందాల కథలు చెప్పుకున్నారే గాని, గడ్డిపరక తెచ్చినవాడు లేడు. జనం అంతే.

టమాటా గంపలు మార్కెట్టుకు చేరవేసే బండివాడొకడు వచ్చాడు. కథలు వినలేదు. కాళ్ళెత్తి గిట్టలు చూశాడు, పళ్ళు చూశాడు, బేరమాడి తోలుకుపోయాడు. సంతంతా నవ్వింది. ఏడాది పాటు దాన్ని ఏ పందానికీ దింపలేదు. బండెద్దుల బాడుగలోంచి రోజూ ఉలవలకు కొంత పక్కన పెట్టాడు. మరుసటి సంక్రాంతికి కోడె మళ్ళీ వీధి దాటింది. ఆ సాయంత్రం ఆయన మొదటి గంప దాణా పోసింది బండెద్దులకే.

ఆ కోడె ఇటలీ లంబోర్గిని. ట్రాక్టర్ల సొమ్ముతో 1963లో పుట్టిన ఆ కార్ల కంపెనీ, ట్రాక్టర్ల వ్యాపారం తడబడగానే చేతులు మారి, 1978లో దివాలా తీసి, మరో ముగ్గురి చేతులు దాటి, 1998లో రోజువారీ వాడకానికి కార్లు అమ్మే ఆడి చేతికి వచ్చాకే నిలదొక్కుకుంది. అలాగే కుప్పకూలిన బ్రిటన్ నార్టన్ మోటారుసైకిళ్ళ కంపెనీని 2020 ఏప్రిల్‌లో 1.6 కోట్ల పౌండ్లకు కొన్నది మన హోసూరులో బండ్లు చేసే టీవీఎస్ మోటార్. 1898 నాటి ఆ పేరు మళ్ళీ పరుగెత్తాలంటే, దాని దాణా ఖర్చు పల్లెల్లో కొబ్బరిబోండాలు మోసే ఎక్సెల్ మోపెడ్ల లాంటి బండ్లే సంపాదించిపెట్టాలి.