వెనక నిలబడేవాడి ధర్మం ఏంటి?

ఈ వారం వీడియోలో ఏకచక్రపురం కథ చెప్పుకున్నాం కదా. టైం సరిపోక అందులో ఒక సంగతి మిగిలిపోయింది. అది కొంచెం నా సొంత బాధ కూడా. అందుకే ఇక్కడ తీరిగ్గా రాస్తున్నా.

మాది ఎడపల్లి. నిజామాబాద్ నుంచి బోధన్ పోయే దారిలో వస్తుంది. మా చిన్నమ్మ కొడుకు హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తాడు. వాడికి సైకిల్ పిచ్చి. పండక్కి ఊరికొచ్చినా పొద్దున్నే అలీసాగర్ దాకా తొక్కి రానిదే టిఫిన్ ముట్టడు. పోయినేడు వాడూ, వాడి ముగ్గురు ఫ్రెండ్సూ కలిసి రాత్రంతా కొండదారుల్లో జరిగే మౌంటెన్ బైక్ పోటీకి పేర్లిచ్చారు. "అన్నా, మాకు సపోర్టుకు రా" అన్నాడు. సరేనని వెళ్ళాను.

ఇలాంటి పోటీల్లో నలుగురూ ఒకేసారి తొక్కరు. ఒకరు రౌండ్ ముగించి వస్తే ఇంకొకరు అందుకుంటారు. 1992లో అమెరికాలోని వెస్ట్ వర్జీనియాలో జరిగిన 24 గంటల టీమ్ రేసుతో ఈ పద్ధతికి పేరొచ్చింది. తొక్కేవాళ్ళకి మధ్యలో కాస్త రెస్ట్ దొరుకుతుంది. వెనక ఉన్నవాళ్ళకి అదీ దొరకదు. చైన్‌కి పట్టిన బురద కడగాలి, నూనె వేయాలి. లైట్లు ఛార్జింగ్ పెట్టాలి. వచ్చినవాడికి తడి బట్టలు విప్పించి దుప్పటి కప్పాలి. ఓఆర్ఎస్, అరటిపండు, పల్లీపట్టీ చేతికివ్వాలి. తర్వాత వెళ్ళాల్సినవాణ్ణి నిద్ర లేపాలి. నిజం చెప్పాలంటే అర్ధరాత్రి దాకా నాకు చాలా ఆనందంగా ఉంది. నా పేరు ఎక్కడా ఉండదు, అయినా ఇదే కదా నిష్కామ కర్మ అని లోపల్లోపల మురిసిపోయాను కూడా.

తెల్లవారుజామున మూడింటికి తమ్ముడు రౌండ్ ముగించి వచ్చాడు. తర్వాత వెళ్ళాల్సినవాడికి కడుపులో తిప్పుతోంది, లేవలేకపోతున్నాడు. మేం మూడో స్థానంలో ఉన్నాం. వెనకవాళ్ళు నాలుగు నిమిషాల దూరంలో ఉన్నారు.

"అన్నా, నేనే పోతా" అన్నాడు తమ్ముడు. మాట కొంచెం ముద్దగా వచ్చింది. నాకు వినిపించింది. కానీ నా కళ్ళు బోర్డు మీద ఉన్నాయి.

"ఏం గాదురా, ఇంకొక్క రౌండ్. పో!" అన్నాను.

దిగుడులో ఒక మలుపు దగ్గర పడ్డాడు. కాలర్ ఎముక విరిగింది. దేవుడి దయవల్ల అంతటితో పోయింది. ఊరికి తీసుకొస్తే చిన్నమ్మ ఒక్క మాట తిట్టలేదు. "నువ్వు పక్కనే ఉన్నవు గదా బిడ్డా?" అని మాత్రం అడిగింది. ఆ మాటకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

ఫ్రెండ్స్ ఓదార్చారు. "వాడేం చిన్నపిల్లాడు కాదు, వాడే పోతానన్నాడు, నీ తప్పేం లేదు" అన్నారు. ఇది నిజమేనా? చాలా రోజులు ఆలోచించాను. 'రేస్ అక్రాస్ అమెరికా' అని దాదాపు 4,800 కిలోమీటర్ల సైకిల్ పోటీ ఉంది. 2017లో మన ఆర్మీ డాక్టర్ శ్రీనివాస్ గోకుల్‌నాథ్ దాన్ని ఒంటరిగా పూర్తిచేసిన మొదటి భారతీయుడయ్యారు. 'ఒంటరిగా' అన్నది పేరుకే. అక్కడ రాత్రిపూట తొక్కేవాడు వెనక వచ్చే తన టీమ్ బండి లైట్ల వెలుగులోనే తొక్కాలన్నది రూలు. ఎందుకంటే నిద్రలేని మనిషికి తన అలసట తనకి తెలియదు. అది తెలియాల్సింది వెనక ఉన్నవాడికి. అలాంటప్పుడు మూడింటికి వాడు 'పోతా' అన్నది సగం మాటే. మిగతా సగం నేను చూసి చెప్పాలి. నేను చూడలేదు.

అలాగని ఎవరినీ ఎక్కడికీ పంపకుండా కూర్చోవడం ధర్మమా? ఇక్కడే ఏకచక్రపురం గుర్తొచ్చింది. మా పక్కనున్న బోధనే ఆ ఊరని మా వైపు పెద్దల నమ్మకం. పాండవులు అక్కడ భిక్ష ఎత్తుకుని బతికిన రోజుల్లో, తెచ్చిన దాంట్లో సగం భీముడికే పెట్టేవాళ్ళు. మిగతా సగం కుంతి, నలుగురు కొడుకులు పంచుకునేవాళ్ళు. అంటే బకాసురుణ్ణి చంపిన బలంలో ఐదుగురి ఆకలి ఉంది. కథలో పేరు మాత్రం భీముడిదే. ఆ ఐదుగురూ సపోర్ట్ టీమే!

బకుడి దగ్గరికి భీముణ్ణి పంపుతానని కుంతి మాటిచ్చింది. ధర్మరాజు ఇంటికొచ్చి విని తల్లి మీదే కోప్పడ్డాడు. కన్నకొడుకుని అలా పంపుతావా అని. అప్పుడు కుంతి చెప్పిన జవాబు గమనించండి. పసివాడుగా తన ఒడిలోంచి జారిపడితే బండ పగిలింది, వీడికి ఏమీ కాలేదు. లక్క ఇంటి నుంచి అందర్నీ మోసుకొచ్చాడు. హిడింబుణ్ణి చంపాడు. ఆమె ఇవన్నీ కళ్ళతో చూసింది. పైగా పంపింది తన పేరు కోసం కాదు, ఆశ్రయమిచ్చిన ఇంటి కోసం. నేనూ 'పో' అన్నాను, కుంతీ 'పో' అంది. ఆమె కొడుకుని చూసి అంది. నేను బోర్డు చూసి అన్నాను.

ఇంకొకటి. సైంధవుణ్ణి చంపడానికి అర్జునుడికి ఉన్నది సూర్యాస్తమయం దాకానే. తప్పితే తానే అగ్నిలో దూకుతానని శపథం చేశాడు. అంతటి డెడ్‌లైన్‌లో, యుద్ధం మధ్యలో, కృష్ణార్జునులు రథం ఆపారు. గుర్రాలు అలసిపోయాయి కాబట్టి! కృష్ణుడు వాటిని విప్పి, ఒంట్లో దిగిన బాణాలు తన చేత్తో తీసి, కడిగి, నీళ్ళు తాగించాడు. గీత చెప్పిన చేతులే అవి.

మా తాత గీత చదువుకోలేదు. శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో రాత్రిళ్ళు చెరుకు బండి తోలేవాడు. వెనక బండ్లు దాటిపోతున్నా సరే, ఎడ్లు నురగ కక్కితే ఆపేవాడట. "లైన్ల ఎనకబడితే రేపు తూకమైతది. ఎద్దు పడితే ఏమైతది?" అనేవాడట. ఆ లెక్క నాకు తెలిసే ఉంది. ఆ రాత్రి గుర్తుకు రాలేదు, అంతే.

నా పేరు ఎక్కడా లేదు కాబట్టి నాది నిష్కామ కర్మ అనుకున్నాను చూడండి, అదీ నేను మోసపోయిన చోటు. పేరు వద్దనుకున్నా, మూడో స్థానం కావాలనుకున్నాను. వాడి కాళ్ళతో నా కోరిక తొక్కించాను. పిల్లల ర్యాంకుల కోసం మేలుకునే తల్లిదండ్రులు, 'నువ్వు చేయగలవ్ బ్రో' అనే ఫ్రెండ్స్, రాత్రి పదకొండుకి మెసేజ్ పెట్టే టీమ్ లీడ్స్, మనందరం ఈ ప్రమాదంలో ఉన్నవాళ్ళమే.

ఈ వారం ఒక్క పని చేద్దాం. మన మీద ఆధారపడి పరిగెత్తుతున్న ఒక్క మనిషిని తలుచుకుందాం. 'ఇంకొంచెం' అనే ముందు వాళ్ళ మొహం ఒకసారి చూద్దాం, మాట ఒకసారి విందాం. ఆ తర్వాత పంపాలో ఆపాలో మనసే చెప్తుంది.

తమ్ముడు మళ్ళీ తొక్కుతున్నాడు. ఈసారి కూడా రమ్మన్నాడు. వెళ్తున్నా. బోర్డుకి వీపు పెట్టి కూర్చుంటా.

సర్వం శ్రీకృష్ణార్పణమస్తు.