ఋణవిముక్తి, సుఖానుభవం: తెలుగు సాహిత్య సంప్రదాయం ఆధారంగా ఒక నైతిక విచారణ

తెలుగువారి లోకవ్యవహారంలో అప్పును గురించిన అభిప్రాయం ఎన్నడూ ఏకరూపంగా లేదు. ‘అప్పు చేసి పప్పు కూడు’ అనే సామెత దుబారా మనిషిని ఎత్తిపొడుస్తుంది. ఆ సామెతనే పేరుగా పెట్టుకొని 1959లో వచ్చిన విజయావారి చలనచిత్రాన్ని జనం హాయిగా నవ్వుకుంటూ చూశారు. సుమతి శతకంలో ఈ ద్వైధం మరింత స్పష్టం. నివాసయోగ్యమైన ఊరికి ఉండవలసిన వసతులను లెక్కించినచోట శతకకర్త ఋణదాతను వైద్యుని కంటె ముందు నిలిపాడు. మరొక పద్యంలో, అప్పు చేసి వెలగబెట్టే వైభవాన్ని ముందుముందు కీడు తెచ్చిపెట్టేవాటిలో మొదటిదిగా చేర్చాడు. ఆ పద్యంలో దాని పక్కనే ఉన్నది ముదిమిలో చేసుకొన్న పడుచు పెండ్లాము. ఈ పొరుగుదనం యాదృచ్ఛికమే కావచ్చు. కానీ అప్పుతో కొన్న సుఖానికీ వయసుకూ సంబంధం ఉందన్న ఎరుక ఆ కూర్పులో ధ్వనిస్తుంది. ఒకనాటి సుఖానికి మూల్యం మరొకనాడు, ఓపిక తగ్గినప్పుడు, చెల్లించవలసి వస్తుంది.

ఆ ‘మరొకనాడు’ ఎప్పుడన్నది పూర్వం అనిశ్చితం. ఉద్యోగవ్యవస్థ దానికి ఒక తేదీ ఏర్పరచింది. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వోద్యోగుల పదవీ విరమణ వయసును 1983లో 58 నుంచి 55కు తగ్గించినపుడు రేగిన ఆందోళన ఆ తరంవారికి గుర్తే. తరువాత అది మళ్లీ 58 అయింది. తెలంగాణలో 2021లో 61కి, ఆంధ్రప్రదేశ్‌లో 2022లో 62కు పెరిగింది. తేదీ ముందుకో వెనుకకో జరిగినా ప్రశ్న ఒకటే. జీతం ఆగిపోయేలోగా అప్పు తీర్చుకోవడం విధ్యుక్తమా? అయితే, ఆ తేదీ వరకు సుఖాలన్నిటినీ వాయిదా వేయడం కూడా ఆ విధిలో భాగమేనా? లోకం సాధారణంగా ఈ రెండు ప్రశ్నలనూ ఒకటిగా కలిపివేస్తుంది. వాటిని విడదీసి చూడడమే ఈ వ్యాసంలోని ప్రయత్నం.

మొదటి ప్రశ్నకు సమాధానం ధర్మశాస్త్రాలలో చాలా పాతది. దేవ, ఋషి, పితృ ఋణాలు మూడింటినీ తీర్చుకొన్న తరువాతనే మనస్సును మోక్షంమీద నిలపాలని మనుస్మృతి శాసించింది. తీర్చకుండా విరమించేవాడు పతితుడవుతాడని కూడా హెచ్చరించింది. విరమణకు ముందు ఋణవిముక్తి అనే భావనకు మన సంప్రదాయంలో ఇంతకంటె స్పష్టమైన రూపం లేదు. అయితే ఈ ఋణాలు తీరే పద్ధతిని గమనించాలి. ఋషిఋణం అధ్యయనంతో, పితృఋణం సంతానంతో, దేవఋణం యజ్ఞంతో తీరుతాయి. అంటే చదువుకోవడం, పిల్లలను కనడం, పదిమందిని పిలిచి క్రతువు చేయడం. గృహస్థుడు నిండుగా జీవించడమే అక్కడ చెల్లింపు. ధనఋణం అటువంటిది కాదు. నెల మొదట్లో వాయిదాకు పోయిన రూపాయి ఆ నెలాఖరున పిల్లలతో చేయదలచిన ప్రయాణానికి ఉండదు. ఋణత్రయాన్ని దృష్టాంతంగా చూపి గృహఋణానికి నీతి చెప్పేవారు ఈ తేడాను దాటవేస్తారు.

ధనఋణాన్ని గురించి యాజ్ఞవల్క్య స్మృతి ఒక సూక్ష్మమైన విభజన చేసింది. తండ్రి అప్పును కొడుకు తీర్చాలి. కానీ మద్యపానానికి, జూదానికి, కామానికి తండ్రి చేసిన అప్పు కొడుకుమీద పడదు. ఈ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రచించిన మితాక్షర వ్యాఖ్యను పదమూడవ శతాబ్దిలోనే కేతన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. ఆంధ్రభాషాభూషణ కర్తగానే మన తరగతి గదులలో పరిచితుడైన కేతనను ఈ కోణం నుంచి చదవడం అరుదు. ఆ విభజనలోని నైతిక సూత్రాన్ని కాస్త విస్తరిస్తే ఇలా ఉంటుంది. కుటుంబంకోసం చేసిన అప్పు కుటుంబానిది. సొంత భోగంకోసం చేసినది భోగించినవాడిది, దానిని అతడే తన కాలంలో తీర్చుకోవాలి. ఇక్కడ భోగానికి నిషేధం లేదు, దాని ఖర్చును మరొకరికి బదలాయించడానికే నిషేధం. కన్యాశుల్కంలో గిరీశం మొదటి స్వగతంలోనే పూటకూళ్లమ్మ సొమ్మును తన విలాసానికి వెచ్చించిన సంగతి బయటపెడతాడు. అతడిలో మనకు రోత పుట్టించేది విలాసం కంటె ఎక్కువగా ఆ సొమ్ము పూటకూళ్లమ్మది కావడమే.

2005 నాటి హిందూ వారసత్వ సవరణ చట్టం కొడుకుకున్న ఈ ‘ధార్మిక బాధ్యత’ను న్యాయస్థానాలు ఇకముందు గుర్తించనవసరం లేకుండా చేసింది. వారసులకు సంక్రమించిన ఆస్తి మేరకు మాత్రం ఋణదాత హక్కు నిలిచి ఉంటుంది. తాకట్టులో ఉన్న ఇల్లు తాకట్టుతోనే చేతికి వస్తుంది. అప్పు పత్రంలో సహఋణగ్రహీతగా సంతకం చేసిన భార్య, హామీదారుగా నిలిచిన సహోద్యోగి బాధ్యత యథాతథం. విరమణలోగా అప్పు తీర్చాలన్న విధికి బలమైన హేతువు ఇక్కడ ఉంది. సంపాదన ఆగిన తరువాత మిగిలే ప్రతి వాయిదాకూ వెనుక మరొకరి చేయి ఉంటుంది. ఆ చేయి ఎవరిదో వారిని ముందుగా అడిగి ఉండకపోవచ్చు.

రెండవ ప్రశ్నకు వచ్చేసరికి తెలుగు మనస్సును రెండు మూర్తులు ఆక్రమించి ఉన్నాయి. ఒకడు హరిశ్చంద్రుడు. గౌరన ద్విపద నుంచి బలిజేపల్లి లక్ష్మీకాంతం నాటకం దాకా అతని కథ తెలుగువారికి సత్యనిష్ఠకు పరమోదాహరణ. నిజానికి అది ఒక బాకీ కథ కూడా. గడువులోగా సొమ్ము చెల్లించాలి, వసూలుకు నక్షత్రకుడు వెంట తిరుగుతున్నాడు. వదలని అప్పులవాడికి ‘నక్షత్రకుడు’ అనే మాట సామాన్య నామంగా స్థిరపడిందంటే ఈ కథను జనం ఏ దృష్టితో చూశారో తెలుస్తుంది. రాజు బాకీ తీర్చాడు. ఏం అమ్మి తీర్చాడు? చంద్రమతిని. ఆమె వెంట లోహితాస్యుడు. ఆ తరువాతనే తనను. కాటిసీను పద్యాలకు కంటతడి పెట్టే ప్రేక్షకుడు ఈ క్రమాన్ని ప్రశ్నించడు. ఋణవిముక్తిని సర్వోన్నత విలువగా నిలిపినపుడు దాని వెలను చెల్లించేది సత్యసంధుడు ఒక్కడే కాడు. ఇంటిల్లిపాదికీ పండుగ లేకుండా చేసి, విరమణ నాటికి అప్పు లేదని తలెత్తుకొనే గృహస్థుడిలో ఈ హరిశ్చంద్రత్వం కొంత ఉంది. అది పూర్తిగా స్తుతిపాత్రం కాదు.

రెండవవాడు శ్రీనాథుడు. కొండవీటి ఆస్థానంలో విద్యాధికారి, ప్రౌఢదేవరాయల కొలువులో కనకాభిషేకం పొందినవాడు, భోగలాలసుడు. చివరి దశలో కృష్ణాతీరాన బొడ్డుపల్లెను గుత్తకు తీసుకొని, సుంకం ఏడు వందల టంకాలు చెల్లించలేక నడివీధి ఎండలో శిక్ష అనుభవించాడని చాటుసంప్రదాయం. ఆ పద్యాల కర్తృత్వం సంగతి ఎలా ఉన్నా, వాటిని నిలుపుకొన్న లోకం వాటి నుంచి ఒక నీతిని పిండుకొంది. సుఖించినవాడు చివరికి ఇలా అయ్యాడు, హాలికుడైన పోతన నిశ్చింతగా బతికాడు అని. కానీ చాటువు చెబుతున్నది అది కాదు. అందులో కవి చెప్పిన కారణాలు రెండే: పంటను కృష్ణ ముంచింది, మిగిలిన తిలలను, పెసలను పిట్టలు తిన్నాయి. దానికి తోడు ఆదుకోగల ప్రభువులందరూ ఒకరొకరుగా గతించారు. విలాసాలకు చేసిన అప్పు ప్రసక్తి అందులో లేదు. వరదలో పంట పోయిన ఒక కౌలుదారు బాకీని భోగి అనుభవించిన కర్మఫలంగా చదువుకోవడం సంప్రదాయం చేసిన పొరపాటు. నేటికీ అప్పులో మునిగిన వృద్ధుని చూడగానే ‘వయసులో ఎంత దుబారా చేశాడో’ అనుకోవడం ఆ పొరపాటుకు కొనసాగింపే.

సుఖాన్ని పూర్తిగా వాయిదా వేయడం వల్ల కలిగే నష్టాన్ని వేమన లోభిని తేనెటీగతో పోల్చి చెప్పాడు. కూర్చినది బాటసారి పాలవుతుంది. అది ధనానికి సంబంధించిన నష్టం. అంతకంటె లోతైన నష్టం మరొకటి ఉంది. ‘మీకోసం ఒక్క సరదా ఎరుగకుండా బతికాను’ అని తండ్రి గాని తల్లి గాని పిల్లలతో అన్న క్షణాన పిల్లల పేర ఒక కొత్త ఖాతా తెరుచుకొంటుంది. ఆ ఖాతాలో అసలు ఎంతో తెలియదు, వడ్డీ ఎంతో తెలియదు, ఏ వాయిదాతోనూ అది ముగియదు. బ్యాంకు అప్పు వారసుల మీద పడకుండా తీర్చిన మనిషి ఈ అప్పును మాత్రం వారిమీదనే రాసిపెడతాడు. యాజ్ఞవల్క్యుని సూత్రాన్ని ఇక్కడ తిరగవేయవచ్చు. భోగంవల్ల పుట్టిన అప్పును సంతానానికి బదలాయించరాదన్నట్లే, త్యాగంవల్ల పుట్టిన అప్పునూ బదలాయించరాదు. కనుక అప్పు తీరుస్తున్న కాలంలోనే కొద్దిపాటి సుఖాన్ని పొందడం బలహీనత కాదు, సంతానం పట్ల నెరవేర్చవలసిన కర్తవ్యంలో అదీ ఒక భాగం. చాసో ‘వాయులీనం’ కథలో ఇంటి కష్టానికి ఫిడేలు అమ్ముడుపోతుంది. అమ్మినవాడిని తప్పుపట్టలేం. అయినా ఆ ఇంట్లో సంగీతానికి ఇక చోటు లేకుండా పోయిందన్న బాధ పాఠకుణ్ణి వదలదు.

‘కొద్దిపాటి’ అంటే ఎంత? నైతిక చర్చలు సాధారణంగా ఈ ప్రశ్న దగ్గర ఆగిపోతాయి, కానీ లెక్క వేసి చూడడం మంచిది. 45వ ఏట ఒక ఉపాధ్యాయుడు 25 లక్షల రూపాయల గృహఋణం 8.5 శాతం వడ్డీకి 20 ఏండ్ల గడువుతో తీసుకొన్నాడనుకొందాం. నెలసరి వాయిదా సుమారు 21,700 రూపాయలు. 62వ ఏట విరమించేనాటికి మూడేండ్ల వాయిదాలు, అసలులో సుమారు 6.9 లక్షలు, మిగిలి ఉంటాయి. అదే అప్పును 17 ఏండ్లలో ముగించాలంటే వాయిదా సుమారు 23,200 కావాలి. తేడా నెలకు పదిహేను వందలు. మొత్తంమీద సుమారు 4.7 లక్షల రూపాయల వడ్డీ కూడా ఆదా అవుతుంది. మధ్యతరగతి ఉద్యోగి జీవితంలో ఇది హరిశ్చంద్రుని పరీక్ష కాదు. సుఖమా, ఋణవిముక్తా అని భీకరంగా కనిపించే సంఘర్షణ చాలా ఇండ్లలో నిజానికి ఈ పరిమాణంలోనిదే. దానిని తొలి సంవత్సరాల్లోనే గుర్తించకపోవడంవల్ల అది చివరి సంవత్సరాల్లో భీకరమవుతుంది. అప్పుడు మిగిలే దారులలో ఒకటి పింఛను కమ్యుటేషన్. పింఛనులో 40 శాతం దాకా ఒకేసారి సొమ్ముగా తీసుకొని అప్పు తీర్చి, ఆ మేరకు 15 ఏండ్లపాటు తగ్గిన పింఛనుతో బతకడం. విరమణనాడు అప్పు తీరినట్లే కనిపిస్తుంది. తన ముసలితనం దగ్గరే మనిషి అప్పు తీసుకొన్నాడు, అంతే. 2004 సెప్టెంబరు తరువాత ఆంధ్రప్రదేశ్‌లో ఉద్యోగంలో చేరి భాగస్వామ్య పింఛను పథకంలోకి వచ్చినవారికి ఆ పాత వెసులుబాటు కూడా అదే రూపంలో లేదు.

అప్పూ ఆనందమూ కలిసి సాగగలవని చెప్పడానికి తెలుగువారికి ఒక దైవదృష్టాంతమే ఉంది. పెండ్లికి కుబేరుని దగ్గర అప్పు చేసి, కలియుగాంతం వరకు వడ్డీ కడుతూ, ‘వడ్డికాసులవాడు’ అని పిలిపించుకొన్న స్వామికి తిరుమలలో నిత్యకల్యాణం, పచ్చతోరణం. అసలు తీరలేదని అక్కడ ఉత్సవం ఆగదు. ఏ అప్పుతో కల్యాణం జరిగిందో ఆ అప్పు నడుస్తుండగానే కల్యాణం ప్రతిదినం జరుగుతుంది. ఈ ఐతిహ్యం మనుషులకు పూర్తిగా ఆదర్శం కాజాలదు, ఎందుకంటే ఆ ఋణగ్రస్తుడికి పదవీ విరమణ లేదు. అయినా వాయిదా చెల్లిస్తున్న ఇంట తోరణం కట్టడం అపచారమేమీ కాదన్న జనసమ్మతి అందులో దాగి ఉంది.

‘ఋణం తీరింది’ అన్న తెలుగు వాక్యానికి మరొక అర్థం ఉండడం కూడా ఈ సందర్భంలో గమనించదగినది. మనిషి పోయినపుడు, ఊరు వదిలినపుడు, స్నేహం తెగినపుడు ఆ మాటే వాడతారు. భార్యాభర్తల బంధాన్నీ, బిడ్డల బంధాన్నీ ‘ఋణానుబంధం’ అనే పేరుతో పిలిచే సమాజంలో సంపూర్ణ ఋణవిముక్తి మరణానికి మరో పేరు. ధనఋణాన్ని తీర్చవలసినది ఈ రెండవ ఋణాన్ని నిలుపుకోవడానికి. మొదటిదానికోసం రెండవదానిని బలిపెట్టినవాడి చేతికి విరమణనాడు దక్కేది అప్పులేని ఇల్లు, మాట్లాడేవారు లేని ఇల్లు.

ఇంతవరకు జరిగిన విచారణ అంతా నెలజీతం, విరమణ తేదీ ఉన్నవారికి సంబంధించినది. ‘పదవి’ అనేదే లేని కౌలురైతు, చేనేత కార్మికుడు, దినకూలి విషయంలో ‘విరమణలోగా’ అన్న పదబంధానికి అర్థం చెప్పడం కష్టం. వారి విరమణ తేదీని శరీరం నిర్ణయిస్తుంది, లేదా వరద నిర్ణయిస్తుంది. నెలకు పదిహేను వందల తేడా అక్కడ చిన్నది కాదు, వాయిదాల పట్టికా ఉండదు. సుఖాన్ని వాయిదా వేసుకొన్నారా లేదా అని వారిని అడగడంలోనే ఒక అన్యాయం ఉంది. బొడ్డుపల్లె గుత్తదారు ఆ వరుసలోనివాడే. అతని చాటువును భోగి పతనగాథగా గాక, పంట పోయిన ఏడాది సుంకం కట్టలేని మనిషి మాటగా మళ్లీ చదవవలసి ఉంది.