సగం సగం కాఫీ



బెంగళూరు బసవనగుడిలో గాంధీ బజార్ అంటే పూలు, పళ్లు, తమలపాకుల సందడి. ఆ సందడిని ఆనుకుని పాతకాలపు కాఫీ హోటళ్లున్నాయి. విద్యార్థి భవన్ 1943 నుంచి అక్కడే ఉంది. పక్కనే శంకరపురంలో బ్రాహ్మిన్స్ కాఫీ బార్ 1965లో మొదలైంది.

ఇలాంటి చిన్న హోటళ్లలో చాలాచోట్ల కూర్చోవడానికి కుర్చీ ఉండదు. నిలబడే తాగాలి. ఫిల్టరులో చుక్కచుక్కగా దిగిన డికాక్షన్‌లో మరిగే పాలు పోసి, గ్లాసులోంచి గ్లాసులోకి ఎత్తి తిరగబోసి, నురుగుతో చేతికిస్తారు. ఒకే అరుగు మీద పూలమ్మే ఆవిడ గ్లాసు, బ్యాంకు ఆఫీసరు గ్లాసు పక్కపక్కనే ఉంటాయి.

ఇద్దరొస్తే 'బై టూ' అంటారు. ఒక కాఫీని రెండు గ్లాసుల్లో సగం సగం పోసిస్తారు. సగమే అడిగారేమిటని ఎవరూ చిన్నచూపు చూడరు. ఉన్నది పంచుకోవడం అక్కడ పేదరికం కాదు, మర్యాద.

అక్కడ ఇద్దరు కలవడానికి సగం కాఫీ చాలు. మనమేమో స్నేహితుణ్ణి కలవాలంటే సెలవు రోజు కావాలంటాం, తీరిక దొరకాలంటాం. అలా నెలలు గడిచిపోతాయి. బంధాలు తెగేది పోట్లాటల వల్ల కంటే ఇలాంటి వాయిదాల వల్లే ఎక్కువ. అయిదు నిమిషాలు నిలబడి మాట్లాడుకున్నా మనసు తేలికపడుతుంది.

ఇవాళ ఒక్కరికి ఫోన్ చేయండి. "సాయంత్రం వస్తావా? బై టూ కాఫీ తాగుదాం" అనండి.